హర్ష్ కె. గుప్తా
హర్ష్ కె. గుప్తా (జననం 1942) జలాశయ ప్రేరిత భూకంపాలపై పరిశోధనతో ప్రసిద్ధులైన భారతీయ భూభౌతిక శాస్త్రవేత్త. ధన్‌బాద్, రూర్కీలలో చదివారు. మహారాష్ట్రలోని కొయనా ఆనకట్ట వెనుక 1962లో నీరు నిల్వచేయడం మొదలయ్యాక ఆ ప్రాంతంలో ప్రకంపనలు పెరిగాయి; 1967 డిసెంబరు 10న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. జలాశయ మట్టం పెరిగే వేగం, గరిష్ఠ మట్టం, అది నిలిచే కాలం ప్రకంపనలను ప్రభావితం చేస్తాయని ఆయన పరిశోధనలు చూపాయి. బి.కె. రస్తోగితో కలిసి 1976లో ‘డ్యామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్’ ప్రచురించారు. 1983–84లో మూడో భారత అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించారు. దక్షిణ గంగోత్రి స్థావరం అప్పుడే వెలిసింది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ ఉపకులపతిగానూ, 1992–2001 మధ్య హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సంచాలకులుగానూ పనిచేశారు. 2004 సునామీ అనంతరం హైదరాబాద్‌లో ఏర్పడి, 2007 అక్టోబరులో ప్రారంభమైన సునామీ హెచ్చరిక కేంద్రం రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు. భట్నాగర్ బహుమతి (1983), పద్మశ్రీ (2006) పొందారు.