హైదరాబాద్‌లో తయారై హాన్లే చలిని తట్టుకున్న టెలిస్కోప్

లదాఖ్‌లోని హాన్లే దగ్గర, సముద్ర మట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున పనిచేస్తున్న మేస్ గామా కిరణాల టెలిస్కోప్‌ను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. రూపకల్పనకు నాయకత్వం వహించింది ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం. 21 మీటర్ల వ్యాసం గల దీని ప్రతిఫలకం గామా కిరణాలను నేరుగా పట్టదు. అవి వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే చెరెన్‌కోవ్ కాంతి మెరుపును పడుతుంది. తెలంగాణలోని పాలకీడు, మిర్యాలగూడ ప్రాంతాల్లో ధనుర్మాసం తెల్లవారుజామున ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు దిగితేనే జనం చలిమంటలు వేసుకుంటారు. హాన్లేలో శీతాకాలపు రాత్రి సున్నాకు దిగువన పాతిక డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే కిందికి పోతుంది. అక్కడ ఎలక్ట్రానిక్స్‌ను బతికించడం వేరే విద్య.

తెలంగాణలో ఖగోళ పరిశీలనకు శతాబ్దం దాటిన చరిత్ర ఉన్నా, ఆ విద్యతో దానికి పని పడలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన వేధశాల తరువాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ 1968లో అమరింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఈ పరికరాలు విదేశాల నుంచి వచ్చినవి. వాటికి ఇక్కడ ఎదురైన శత్రువులు ఎండ, దుమ్ము, వానాకాలపు తేమ. చలికాలం వాటికి మంచి కాలం: మబ్బులేని ఆకాశం, పొడి గాలి.

ఈసీఐఎల్‌ను 1967లో ప్రారంభించారు. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే తరువాత ఏ.ఎస్.రావు నగర్‌కు వచ్చింది. ఒక తరం తెలుగు ఇళ్లకు ఈ సంస్థ ఈసీ టీవీగా పరిచయం. కుషాయిగూడ వైపు ఉన్న ఆ కార్ఖానాల్లోనే అణువిద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు, భారీ యాంటెన్నాలు కూడా తయారయ్యాయి. చంద్రయాన్-1తో మాట్లాడేందుకు బైలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెన్నా నిర్మాణంలో దీని పాత్ర పెద్దది. ఇంత బరువును కచ్చితంగా తిప్పి నిలిపే అనుభవం మేస్‌కు అక్కరకు వచ్చింది. దాదాపు 180 టన్నుల ఈ టెలిస్కోప్ ఆరు చక్రాల మీద, వృత్తాకారపు పట్టా వెంట తిరుగుతుంది. దాన్ని ముందు హైదరాబాద్‌లో బిగించి చూసి, మళ్లీ విప్పి, భాగాలుగా హాన్లేకు తరలించారు. కొండమీద ఊపిరే కష్టమయ్యే చోట పొసగని బోల్టు బయటపడితే దాన్ని సరిచేయడం ఎంత కష్టమో ఆలోచిస్తే, ఇక్కడ రెండుసార్లు పడిన శ్రమ విలువ తెలుస్తుంది.

చలి ఎలక్ట్రానిక్స్‌ను ఒకే విధంగా దెబ్బతీయదు. మామూలు బజారు రకం చిప్‌లకు సున్నా నుంచి 70 డిగ్రీల వరకే హామీ ఉంటుంది. పారిశ్రామిక రకానికి కింది హద్దు మైనస్ 40. చిప్ కంటే ముందు సాధారణంగా మొరాయించేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. అందులోని ద్రవం చిక్కబడి, విద్యుత్తును దాచే శక్తి తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. దాంతో పవర్ సప్లై తడబడుతుంది, కొన్నిసార్లు అసలు లేవనే లేవదు. బేరింగుల్లో మామూలు గ్రీజు శీతాకాలపు కొబ్బరినూనెలా బిగుసుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ భారం దాన్ని నడిపే సర్క్యూట్ మీద పడుతుంది. పీవీసీ తొడుగున్న కేబుల్ బిరుసెక్కి, వంగే చోట చిట్లుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 20 దగ్గర దాదాపు సగం సామర్థ్యమే ఇస్తుంది. నిండా ఛార్జ్ ఉంటే గడ్డకట్టదు గానీ, ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి ఉంటుంది కాబట్టి సుమారు మైనస్ 10కే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు.

హాన్లేలో చలికి పలచటి గాలి తోడవుతుంది. అక్కడి వాయుపీడనం సముద్ర తీరంలో ఉండేదానిలో సుమారు 60 శాతమే. మేస్ కెమెరాలో మసక కాంతిని పట్టే 1,088 ఫోటోమల్టిప్లయర్ గొట్టాలున్నాయి. వీటికి హై వోల్టేజి కావాలి. పలచటి గాలిలో ఆ వోల్టేజి నిప్పురవ్వగా దూకడం తేలిక, కాబట్టి తీగల మధ్య ఎడం, ఇన్సులేషన్ ఎక్కువ ఉండాలి. పైగా చెరెన్‌కోవ్ మెరుపు కొన్ని నానోసెకన్లే ఉంటుంది. ఆ సంకేతం పొడవాటి కేబుల్ గుండా వస్తే దాని ఆకారం చెదురుతుంది. అందుకే సంకేతాన్ని అంకెలుగా మార్చే సర్క్యూట్లను కూడా కెమెరాలోనే, గొట్టాల వెనకాలే అమర్చారు: ఒక్కో దానిలో పదహారు గొట్టాల చొప్పున 68 మాడ్యూళ్లు. దాంతో బయట గడ్డకట్టే చలి ఉన్నా, పని జరుగుతున్న పెట్టె లోపల వేడి పోగుపడుతుంది. పలచటి గాలి ఆ వేడిని సరిగా మోసుకుపోలేదు. ఆగి ఉన్నప్పుడు వెచ్చదనం, నడుస్తున్నప్పుడు చల్లదనం, రెండూ ఒకే పెట్టెకు కావాలి.

ఇలాంటి చోట్ల వాడే ఉపాయాలు చాలావరకు సాదాసీదావి. సర్క్యూట్లను మూసిన పెట్టెల్లో పెట్టి చిన్న హీటర్లతో, ఉష్ణోగ్రతను గమనించే థర్మోస్టాట్‌తో కాస్తారు. చల్లబడిన బోర్డుకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వరు. ముందు హీటరు వేసి, ఉష్ణోగ్రత కింది హద్దు దాటాకే మిగతావాటిని వరుసగా లేపుతారు. చల్లటి బోర్డును నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే దానిమీద తేమ పడుతుంది, కాబట్టి సంచిలో మూసి నెమ్మదిగా వేడెక్కనిస్తారు. ఎముకలు కొరికే చలిలో గాలి బాగా పొడిబారి స్థిరవిద్యుత్ పేరుకుంటుంది గనుక చేతికి భూసంధానపు పట్టీ లేనిదే బోర్డును ముట్టరు.

హాన్లేలో ఈ పాఠాలు మేస్‌కు ముందే మొదలయ్యాయి. భారత ఖగోళ భౌతిక సంస్థ వారి రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ 2000లో తొలి కాంతిని చూసింది. దాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. అందులో కాంతిని పట్టే చిప్ అయిన సీసీడీని ద్రవ నైట్రోజన్‌తో బయటి చలికంటే ఎంతో లోతుకు చల్లబరుస్తారు, ఎందుకంటే వేడి వల్ల పుట్టే తప్పుడు సంకేతాలు అలా తగ్గుతాయి. చలి ఆ ఒక్క ముక్కకు మేలు, దాని పక్కనున్న బోర్డులకు కీడు.

చలికాలాన్ని వదిలేద్దామంటే కుదరదు. గామా కిరణాల పరికరాలన్నీ తమ కొలతలను సరిచూసుకునే క్రాబ్ నెబ్యులా డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే ఆకాశంలో ఎత్తున, ఎక్కువసేపు కనిపిస్తుంది. ఫోటోమల్టిప్లయర్లు నిండు వెన్నెలను భరించలేవు గనుక చీకటి రాత్రులు మరీ విలువైనవి. మేస్ 2021లో తొలి కాంతిని చూసింది. 2024 అక్టోబరు 4న దాన్ని అధికారికంగా ప్రారంభించారు.