కరెంటు ఎవరికి చేరింది? ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో విద్యుత్తు, సహకారం, ప్రజల బాగు

పరిచయం

ధర్మపురి నుంచి గోదావరి వెంట దిగువకు వెళితే రామగుండం వస్తుంది. అక్కడ 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ యూనిట్ పనిచేయడం మొదలైంది. 1983లో ఎన్.టి.పి.సి. తొలి యూనిట్ ప్రారంభమైంది. 2004 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. అయితే విద్యుత్ కేంద్రం దగ్గర్లో ఉన్నంత మాత్రాన ఊళ్లో దీపం వెలగదు. తయారైన కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి అది ఏ ఊరికి, ఏ వేళకు, ఎవరి నిర్ణయం మేరకు చేరుతుందన్నది వేరే ప్రశ్న. ప్రజల బాగోగులు ఆ ప్రశ్నతోనే ముడిపడి ఉన్నాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా అనుభవం ఆధారంగా దానిని ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం.

‘విద్యుదీకరణ’ అనే లెక్క

స్వాతంత్ర్యం తరువాత చాలాకాలం, గ్రామ రెవెన్యూ పరిధిలో ఏ అవసరానికైనా కరెంటు వాడుతుంటే ఆ గ్రామాన్ని విద్యుదీకరించినట్లు లెక్కించేవారు. పొలంలో ఒక్క మోటారు తిరిగినా చాలు, ఊళ్లో ఒక్క ఇంటికీ దీపం లేకపోయినా ఆ ఊరు జాబితాలో చేరేది. 1997లో ఈ నిర్వచనాన్ని సవరించి, జనావాసంలో కరెంటు వాడకం ఉండాలన్నారు. 2004లో మరింత మార్చారు. కనీసం 10 శాతం ఇళ్లకు, బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం వంటి చోట్లకు కరెంటు ఉండాలని, దళితవాడకూ విద్యుత్ సదుపాయాలు చేరాలని షరతులు పెట్టారు. ఈ మార్పులను గమనించండి. ‘వంద శాతం విద్యుదీకరణ’ అనే మాట ఎదురైనప్పుడు, అది ఏ సంవత్సరపు నిర్వచనం ప్రకారం చెప్పిన లెక్కో చరిత్ర విద్యార్థి ముందుగా అడగాలి.

సిరిసిల్ల ప్రయోగం

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ద్వారానే జిల్లాలోని చాలా గ్రామాలకు కరెంటు వచ్చింది. ధర్మపురి, జగిత్యాల ప్రాంతాలు ఈ కోవలోవే. అదే జిల్లాలోని సిరిసిల్ల ప్రాంతం వేరే దారి పట్టింది.

1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించింది. అమెరికాలో 1935 తరువాత రైతులే సహకార సంఘాలు పెట్టుకొని పల్లెలకు తీగలు లాగిన అనుభవం అప్పటికే ప్రపంచానికి తెలుసు. ఆ నమూనాను మన దేశంలో పరీక్షించడానికి తొలి విడతలో ఎంచుకున్న ఐదు చోట్లలో సిరిసిల్ల ఒకటి. కర్ణాటకలోని హుక్కేరి, గుజరాత్‌లోని కోడినార్, మహారాష్ట్రలోని ములా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో ప్రాంతం మిగిలినవి. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970లో పని ప్రారంభించింది. దీనిని స్థానికంగా ‘సెస్’ అంటారు.

సెస్ స్వయంగా కరెంటు తయారు చేయదు. టోకున కొని, తన లైన్ల ద్వారా సభ్యులకు పంపిణీ చేస్తుంది. సభ్యులు వాటాదారులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వారే. లైను పడిపోయినా, బిల్లు తప్పుగా వచ్చినా వినియోగదారుడు అడగవలసిన ఆఫీసు సిరిసిల్లలోనే ఉంది. అక్కడ అతడు ఓటు ఉన్న మనిషిగా నిలబడి మాట్లాడగలడు. సహకార పద్ధతిలోని అసలు మేలు ఇదే.

బావి, మగ్గం, ఇల్లు

కరెంటు రాకముందు ఈ మెట్ట ప్రాంతంలో సాగు ఎక్కువగా చెరువుల మీద, మోట బావుల మీద ఆధారపడేది. మోటారు వచ్చాక ఎడ్లకు, మనుషులకు ఆ చాకిరీ తప్పింది, రెండో పంటకు అవకాశం పెరిగింది. పిండి గిర్ని రావడంతో ఆడవాళ్లకు విసురురాయి భారం తగ్గింది. సిరిసిల్లలో చేనేత స్థానంలో మరమగ్గాలు విస్తరించి, పట్టణమే వస్త్ర కేంద్రంగా మారింది.

కానీ ఈ మేలు అందరికీ సమానంగా అందలేదు. మోటారు పెట్టాలంటే ముందు బావి ఉండాలి, బావికి భూమి ఉండాలి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పటి రైతు కూలీ ఉద్యమంలో వినిపించినవి భూమి, కూలి, వెట్టి సమస్యలు. భూమిలేని కూలీకి వ్యవసాయ కరెంటు వల్ల కలిగిన లాభం పరోక్షమే. మరమగ్గాల మీద పనిచేసే కార్మికులకు కరెంటు పని ఇచ్చింది, కానీ బతుకు భద్రత ఇవ్వలేదు. తరువాతి దశాబ్దాల్లో సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు రాష్ట్రమంతా చర్చనీయాంశమయ్యాయి.

వేళ, ధర, ప్రాణం

2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించింది. బిల్లు భారం తగ్గినా సరఫరా రోజుకు కొన్ని గంటలే ఉండేది. అందులో కొంత రాత్రిపూట వచ్చేది. నిద్ర మానుకొని చేను దగ్గరికి వెళ్లిన రైతులు పాముకాటుకు, షాకుకు గురై ప్రాణాలు కోల్పోయిన ఘటనలు తెలంగాణ పల్లెలకు కొత్త కావు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని కింది రైతులంతా చందాలు వేసుకొని, ట్రాక్టర్ మీద మరమ్మతుకు తీసుకెళ్లేవారు. ఏ సంఘంలోనూ నమోదు కాని సహకారం ఇది. అవసరం నేర్పిన సహకారం.

2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించింది. రాత్రి కాపలా తప్పే అవకాశం కలిగింది. అయితే ఆటోమేటిక్ స్టార్టర్లతో మోటార్లు ఆగకుండా నడిస్తే భూగర్భ జలం తరిగిపోతుందన్న కొత్త ఆందోళన మొదలైంది.

సహకార సంఘాలకూ కష్టాలు తప్పలేదు. కొన్న కరెంటుకు చెల్లించవలసిన బాకీలు పేరుకుపోయి ములా-ప్రవర సంఘం 2011లో పంపిణీ బాధ్యతను కోల్పోయింది. సెస్ నిలిచి ఉంది, కానీ టోకు ధర, రాయితీ సొమ్ము దాని చేతిలో లేవు. యాజమాన్యం ఊరిదే అయినా ముఖ్యమైన నిర్ణయాలు కొన్ని రాజధానిలోనే జరుగుతాయి.

సారాంశం

తీగ వచ్చిన సంవత్సరం ఒక్కటే చూస్తే ప్రజల బాగు అర్థం కాదు. కరెంటు ఏ వేళకు వచ్చింది, ఎవరి భూమికి చేరింది, చెడిపోతే అడిగే హక్కు ఎవరికుంది అన్న మూడు ప్రశ్నలూ కలిపి చూడాలి. సిరిసిల్ల అనుభవం మూడో ప్రశ్నకు ఒక మంచి జవాబు చూపింది. మొదటి రెండింటికీ సహకార సంఘం ఒక్కటే జవాబు ఇవ్వలేకపోయింది. వాటికి భూమి సంబంధాలు, ప్రభుత్వ విధానం కూడా మారవలసి ఉంటుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. గ్రామ విద్యుదీకరణ నిర్వచనం 1997లో, 2004లో ఎలా మారింది? ఆ మార్పుల ప్రాధాన్యం ఏమిటి?
2. సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం పనితీరును, దాని పరిమితులను వివరించండి.
3. మీ ఊళ్లోని పెద్దలను అడిగి, కరెంటు ముందుగా ఏ వాడకు వచ్చింది, చివరగా ఏ వాడకు చేరింది, ఈ రెండింటికీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో ఒక పేజీలో రాయండి.