కోనసముద్రం ఉక్కు: మూసలో దాగిన శాస్త్రం

అమెరికాలో జార్జియా రాష్ట్రపు కమ్మింగ్ వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు ఇంజనీర్లకు ‘మెటల్ కాంపోజిట్’ పాఠ్యపుస్తకాల్లో పరిచయమైన మాట. మెత్తని లోహంలో గట్టి రేణువులను పొదిగి, ఏ ఒక్కదానికీ విడిగా లేని బలాన్ని రాబట్టడం దాని సూత్రం. ఆ సూత్రానికి పేరు పుట్టకముందే దాని ఫలితాన్ని అందించిన ఊళ్ళలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఒకటి.

1820 ప్రాంతంలో ఆ ఊరు చూసిన సర్వే వైద్యుడు హెన్రీ వాయ్సే రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల వేర్వేరు ఖనిజాల నుంచి తీసిన ఇనుమును మూడు పాళ్ళు, రెండు పాళ్ళుగా కలిపి, మట్టి మూసల్లో మూతవేసి కరిగించేవారు. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి ఉండడం వాయ్సే చూశాడు.

ఈ ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. మామూలు ఉక్కులో ఇంత ఉంటే పెళుసుదనం తప్పదు. అయితే మూస నెమ్మదిగా చల్లారినపుడు మిగులు కర్బనం ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే కఠిన పదార్థంగా ఏర్పడుతుంది. తక్కువ వేడి మీద పలుమార్లు సాగగొడితే అది సన్నని రేణువులై, వరుసలు తీరి, కత్తి మీద అలల చారలుగా కనిపిస్తుంది. రేణువులు పదును నిలుపుతాయి, చుట్టూ ఉన్న ఉక్కు దెబ్బను ఓర్చుకుంటుంది. తెల్లగా కాలే వేడికి అలవాటు పడిన ఐరోపా కమ్మరుల సుత్తి కింద ఇదే ఉక్కు చిట్లిపోయేది. మైకెల్ ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో పరీక్షించి, దీని గొప్పతనానికి కారణం అల్యూమినియం అనుకున్నాడు.

1998లో వెర్‌హోవెన్, పెండ్రే బృందం మరో కారణం చూపింది: ఖనిజంలో అత్యల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ వరుసలకు ఆధారం. ఖనిజం మారితే చారలూ పోతాయి.

కనుక ఆ మూడు, రెండు పాళ్ళ లెక్కను మూఢాచారమని కొట్టిపారేయలేము. అలాగని మన కమ్మరులకు వెనేడియం తెలుసుననడం, 2006లో ఒక డమాస్కస్ కత్తిలో కర్బన నానోనాళాలు కనబడ్డాయి కనుక వారికి నానో విజ్ఞానం తెలుసుననడం చరిత్ర కాదు. వారికి తెలిసినది ఖనిజం, నిప్పు రంగు, సుత్తి దెబ్బ. ఆ తెలివి గని నుంచి కొలిమి దాకా అనేకుల చేతుల్లో పంచబడి ఉండేది. కార్ఖానా ఉక్కు వచ్చి గిరాకీ పడిపోయాక ఆ గొలుసు తెగింది. కత్తులకు డమాస్కస్ పేరు మిగిలింది. మూస పట్టిన చేతుల పేర్లు మిగలలేదు.