గుండెకు చేసుకున్న మొర

పేడ ఉండను దొర్లించుకుంటూ పోయే పురుగును చూస్తే మనం ముక్కు మూసుకుంటాం. ప్రాచీన ఈజిప్టువాళ్ళు దణ్ణం పెట్టారు! రోజూ సూర్యుణ్ణి ఆకాశంలోకి దొర్లించుకొచ్చే దేవుడిది ఆ రూపమేనట. ఆ పురుగు ఆకారంలోనే తాయెత్తులూ చేయించుకున్నారు.

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో అలాంటిదొకటుంది. ఆకుపచ్చరాయిని పురుగులా చెక్కి, బంగారంలో పొదిగి, అల్లిక గొలుసుకు తగిలించారు. నిడివి రెండున్నర అంగుళాల పైచిలుకు. సొంతదారు హట్‌నోఫర్ అనే పెద్దావిడ. హట్‌షెప్సుట్ రాణి కొలువులో చక్రం తిప్పిన సెనెన్‌మట్‌కు కన్నతల్లి.

1936లో ఆ మ్యూజియంవాళ్ళే థీబ్స్ కొండవాలున తవ్వుతుంటే, దొంగల చెయ్యి పడని ఆవిడ సమాధి బయటపడింది. ఏళ్ళు అరవై దాకా ఉంటాయి. పలచబడ్డ నెరిసిన జుట్టుకు నల్లటి సవరం కూడా కలిపారండీ! భర్త రామోసే ముందెప్పుడో సాదాసీదాగా పోయాడు. కొడుకు పైకొచ్చాక ఆయన ఎముకల్ని తెచ్చి ఈవిడ దగ్గర చేర్చారని పరిశోధకులంటారు.

ఇంతకీ తాయెత్తు ఎందుకు? పరలోకంలో మనిషి గుండెను త్రాసులో వేస్తారు. అవతలి పళ్ళెంలో సత్యదేవత ఈక. అందుకే మెదడును తీసి పారేసినా, గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు. చిక్కల్లా అక్కడే. గుండెకు అన్నీ తెలుసాయె! అక్కడ నోరు విప్పితే? అందుకని, అమ్మ ఇచ్చిన గుండెవు కదా, నామీద సాక్ష్యం చెప్పకు అన్న మొరను తాయెత్తు అడుగున చెక్కించారు.

అంత దాచుకోవలసిందేం చేసిందో ఈ తల్లి, అనుకోకండి. రాజుల తాయెత్తుల మీదా ఇలాంటి మొరే ఉంది.