అంగన్‌వాడీ ఎవరి వాకిట్లో పుట్టింది?



కొన్ని మాటలకు పుట్టిన ఊరు ఉంటుంది, పుట్టిన వాడ కూడా ఉంటుంది. ఈ వారం అట్లాంటి ఒక మాట పట్టుకుని నడుద్దాం: అంగన్‌వాడీ. మన పిల్లల్ని అడిగితే గుడ్డు పెట్టే చోటు అంటారు. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థిని అడిగితే 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ పథకంలో భాగం అంటాడు. రెండు జవాబులూ సరైనవే. కాకపోతే ఆ మాట ఆ పథకం కంటే వయసులో పెద్దది. పథకాన్ని రాసింది ఢిల్లీలో. మాట పుట్టింది అంటరానివాడ వాకిట్లో.

ముందు ఒక చిన్న పక్కదారి. మన పట్టణాల్లో ఏ వీధికి పోయినా ‘మాంటిస్సోరి’ అని బోర్డు కనిపిస్తుంది. ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు షూ, టై వేసుకుని అక్కడికి పోతారు. కానీ మరియా మాంటిస్సోరి తన మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది 1907లో, రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో. అమ్మానాన్నలు పనికి పోతే పగలంతా మెట్ల మీద, వీధుల్లో తిరిగే పసిపిల్లల కోసం తెరిచింది. కూలివాళ్ల పిల్లల కోసం పుట్టిన చదువు మన దేశానికి వచ్చేసరికి పట్టణాల్లో ఉన్నవాళ్ల బడి అయింది. ఆ పద్ధతిలో వాడే చెక్క సామాను ఖరీదే పేదపిల్లను గుమ్మం బయట నిలబెట్టింది.

దీన్ని మన నేలకు దించాలని చూసినవాళ్లు కొందరున్నారు. 1920లో భావనగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం పెట్టారు. 1923లో తారాబాయి మోడక్ ఆయనతో చేరారు. 1926లో నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది. పసిపిల్లలకు కొట్టి నేర్పడం కాదు, ఆటలో నేర్పాలన్నది వాళ్ల పట్టుదల. అయినా ఆ పని చాలాకాలం పట్టణం దాటలేదు. అది దాటింది 1945లో. తారాబాయి అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డి అనే సముద్రతీర గ్రామానికి వెళ్లి బాల్‌వాడీ తెరిచారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడు నిలిచారు.

బాల్‌వాడీ తెరిచారు. పిల్లలు వచ్చారు. వాడ పిల్లలు మాత్రం రాలేదు.

ఇక్కడ కొంచెం ఆగండి. రెండేళ్ల పిల్ల, మూడేళ్ల పిల్లాడు ‘రాకపోవడం’ అంటే ఏమిటి? ఊళ్లోని బడి గడపకూ వాడకూ మధ్య దూరం అడుగుల్లో కొలిచేది కాదని మనకు తెలుసు. ఏ వీధి మీదుగా నడవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏ కుండలో నీళ్లు తాగాలి అన్నవి ఆ పసిపిల్లలకు తెలియకపోవచ్చు. వాళ్ల తల్లులకు తెలుసు. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన పిలిచినట్టు కాదని కూడా తెలుసు.

అప్పుడు బడి కదిలింది. పిల్లలు రాకపోతే బడే పోవాలని తారాబాయి, అనుతాయి వాడకు నడిచారు. ఇళ్ల ముందు వాకిట్లో కూర్చున్నారు. పిల్లలకు స్నానం చేయించడం, గోళ్లు తీయడం, తలలు దువ్వడం, ఆ తర్వాత పాట, ఆట, కథ. ఖరీదైన చెక్క సామాను బదులు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు. అంగణంలో నడిచే బాల్‌వాడీ కాబట్టి దాన్ని అంగన్‌వాడీ అన్నారు. అంగణమంటే మన తెలుగులో వాకిలి, ముంగిలి.

ఈ కథను చెప్పేవాళ్లు మామూలుగా ఆ ఇద్దరు తల్లుల త్యాగం దగ్గర ఆపుతారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయాల్సిన పని మనకు లేదు. 1962లో తారాబాయికి పద్మభూషణ్ వచ్చింది, అది తగిన గౌరవమే. కానీ చరిత్ర విద్యార్థులుగా మనం అడగాల్సిన ప్రశ్న వేరు. బాల్‌వాడీని అంగన్‌వాడీగా మార్చింది ఎవరు? రాని పిల్లలు. వాళ్లు రాకపోవడమే ఆ పద్ధతికి తప్పు ఎక్కడుందో చూపించింది. ఈ దేశంలో శిశువిద్యకు దక్కిన పెద్ద ఆలోచనల్లో ఒకటి పేరు కూడా తెలియని దళిత పసిపిల్లల దగ్గర నుంచి వచ్చింది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆరోగ్యం ఒక శాఖ, చదువు ఇంకో శాఖ, ఆట ఎవరి శాఖా కాదు. ఇది ఆఫీసు లెక్క. వాకిట్లో ఈ లెక్క చెల్లదు. ఒంటి నిండా గజ్జి ఉన్న పిల్ల పాట పాడదు. కడుపు కాలే పిల్లాడు గవ్వలు లెక్కపెట్టడు. అందుకే అక్కడ స్నానం, తిండి, ఆట, అక్షరం ఒకే చాప మీదికి వచ్చాయి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య పాఠం అని ఐసీడీఎస్ ఆ తర్వాత రాసుకున్న ఆరు సేవలను ఒకచోట చేర్చిన ఆలోచనకు పాత రూపం ఆ చాప మీదే కనిపిస్తుంది.

1957లో వాళ్ల పని దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు, వార్లీ ఆదివాసుల మధ్యకు మారింది. అక్కడ రెండో పాఠం ఎదురైంది. బడికి రావాల్సిన అక్క చంకలో తమ్ముడు ఉన్నాడు. అక్క రావాలంటే తమ్ముణ్ణి ఎవరో ఒకరు చూసుకోవాలి. దాంతో శిశుగృహం, బాల్‌వాడీ, ప్రాథమిక బడి ఒకేచోట ఉండే వికాస్‌వాడీ వచ్చింది. పశువులు కాసే పిల్లల కోసం బడి పచ్చిక బయలుకే పోయింది. మన ఇళ్లల్లో బడి మానేసిన అక్కల్ని ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో ఎంతమందిని బడి మాన్పించింది పుస్తకం కష్టమై కాదు, చంకలో పిల్ల ఉండి! శిశుగృహం తమ్ముడికి ఆటస్థలం, అమ్మకు కూలి, అక్కకు చదువు. ఒక్క గదిలో మూడు బతుకులు ఉన్నాయి.

ఈ అవసరాన్ని మనవాళ్లు ముందే గుర్తించారు. 1876-78 కరువులో సత్యశోధక సమాజం పుణె దగ్గర ధన్‌కవడీలో పిల్లలకు అన్నం పెట్టే బాలాశ్రమం నడిపింది. జోతీరావు ఫూలే, సావిత్రీబాయి ఆ పనిలో ఉన్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడుతూ బాబాసాహెబ్, కానుపుకు ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలు అని వాదించారు. పసిబిడ్డ పెంపకం ఆ ఇంటి సొంత గోల కాదు, దేశం పూచీ అన్నది ఆ వాదన సారం.

చట్టాలు వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలంది. 1976లో ఆ సంఖ్య 30 అయింది. 1951లో తోటల కార్మికులకు, 1966లో బీడీ కార్మికులకు ఇట్లాంటి నిబంధనలే వచ్చాయి. బాగుంది. కానీ వరి నాటే మడికి గేటు ఉండదు, హాజరు పుస్తకం ఉండదు. పత్తి ఏరే చేనులో, మిరప కోసే చేనులో, ఇటుక బట్టీలో మన తల్లుల తలలు ఎవరు లెక్కపెట్టారు? చెట్టు కొమ్మకు పాత చీరతో కట్టిన ఉయ్యాలే వాళ్ల శిశుగృహం. పొలం పనికి ఈ ఆలోచన వచ్చేసరికి 2005 అయింది. ఉపాధి హామీ చట్టం, పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకుమించి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని, ఆమెకు కూలి ఇవ్వాలని రాసింది. రాసిన చోటు కాగితం. జరిగిన చోట్లు ఎన్నో మీ ఊళ్లో పనికి పోయిన అమ్మల్నే అడగండి.

ఇప్పుడు రాజ్యాంగం దగ్గరికి వద్దాం. 1950లో అమల్లోకి వచ్చిన 45వ అధికరణ, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది. కింది హద్దు ఏదీ పెట్టలేదు. పుట్టిన బిడ్డ కూడా ‘పిల్లలందరిలో’ ఉంది. 2002లో 86వ సవరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్లవాళ్లకు విద్య ప్రాథమిక హక్కు అయింది. మంచి గెలుపు. అదే సవరణ ఆరేళ్లలోపు పిల్లల్ని విడదీసి, రాజ్యం ప్రయత్నిస్తుంది అనే ఆదేశసూత్రంలో ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా 3 నుంచి 6 ఏళ్ల పిల్లల విషయంలో ప్రభుత్వం ఏర్పాటు ‘చేయవచ్చు’ అంది, ‘చేయాలి’ అనలేదు. ఉన్న ఇంటి పిల్ల మూడేళ్లకే నర్సరీకి పోతుంది. వాడ పిల్ల ఆరేళ్లకు ఒకటో తరగతిలో హక్కుతో అడుగు పెడుతుంది. ఇద్దరికీ ఒకే పలక ఇచ్చి సమానత్వం అంటాం. మూడేళ్ల పరుగు అప్పటికే అయిపోయింది. రిజర్వేషన్ సీటు దగ్గర ‘మెరిట్’ గురించి వాదించేవాళ్లు ఈ మూడేళ్ల లెక్క ఎప్పుడూ చెప్పరు.

ఇక మొదటి ప్రశ్న. వాడ వాకిట్లో పుట్టిన అంగన్‌వాడీ ఇప్పుడు ఎవరి వాకిట్లో ఉంది? ఊళ్లో పెద్దల వీధిలో అద్దె ఇల్లు దొరికితే అక్కడ, గుడి పక్క గది ఖాళీగా ఉంటే అక్కడ. వాడ పిల్లలు మళ్లీ నడవాలి. బోర్డి కథ తలకిందులైంది. ఈ అన్యాయం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆహార హక్కు కేసులో 2004 అక్టోబర్ 7న కోర్టు, ఎస్సీ ఎస్టీ ఆవాసాలన్నిటిలో వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు రావాలంది. పిల్లల తిండి సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదంది. 2006 డిసెంబర్ 13న ఇంకో అడుగు వేసింది. దేశంలో కనీసం 14 లక్షల కేంద్రాలు ఉండాలని, ముందు ఎస్సీ ఎస్టీ ఆవాసాలతో మొదలుపెట్టాలని చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెగానీ బస్తీగానీ అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి.

చోటు ఒక ప్రశ్న, చేతులు ఇంకో ప్రశ్న. ఆయా దళిత మహిళ అయితే మా పిల్లలు అక్కడ తినరు అనే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. మూడేళ్ల పిల్లకు అంటరానితనం పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు అన్నం పళ్లెం దగ్గరే నేర్పుతారు. అదే పళ్లెం దగ్గర దాన్ని మాన్పించవచ్చు కూడా. పిల్లలందరూ ఒకే బంతిలో కూర్చుని, ఒకే చేతి వంట తిని, ఒకే ఇసుకలో ఆడితే, అంగన్‌వాడీ ఈ దేశపు మొదటి కుల నిర్మూలన బడి అవుతుంది. ఇంటికి ప్యాకెట్లు పంచే కౌంటర్ చేస్తే ఆ పని జరగదు. గుడ్డు కావాలి, దాంతోపాటు ఆ గుడ్డు పక్కపక్కన కూర్చుని తినే చాప కూడా కావాలి.

ఆ చాప పరిచేవాళ్ల సంగతీ చెప్పాలి. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆయాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, ‘గౌరవవేతనం’ అంటారు. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఈ సమాసం మీద పేచీ ఉంది: ఇందులో గౌరవమూ సరిగా లేదు, వేతనమూ సరిగా లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకు దిగి, ఎస్మా ప్రయోగించినా బెదరకుండా 42 రోజులు నిలబడ్డారు. పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్లకు సహజంగా వచ్చే గుణమని చెప్పి కూలి ఎగ్గొట్టడం పాత పద్ధతే. పాకీపని మీ ధర్మం అని మనకు చెప్పిన నోరే ఇది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు వాడలో ఆరేళ్లలోపు పిల్లల పేర్లు రాయండి. అంగన్‌వాడీ ఏ వీధిలో ఉందో, వాడ నుంచి ఎంతమంది నడిచి పోతున్నారో, లోపల ఆట ఉందో గుడ్డు మాత్రమే ఉందో చూడండి. వాడలో కేంద్రం లేకుండా పిల్లల లెక్క 40 దాటితే 2006 తీర్పు తేదీ వేసి, తల్లులతో సంతకాలు పెట్టించి, సీడీపీఓకు దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. అప్పటి నుంచి మూడు నెలలు లెక్కపెట్టండి. 40 కంటే తక్కువుంటే 2004 ఉత్తర్వు చూపించి అడగండి.

1945లో మన పిల్లలు రాకపోతే బడి వాడకు నడిచి వచ్చింది. ఇప్పుడు దాన్ని మళ్లీ పిలవాల్సింది మనం. ఈసారి రాతపూర్వకంగా పిలుద్దాం.

జై భీమ్. జై సావిత్రి.