అనాతోతు పొలము నుండి ఒంగోలు కొండ వరకు

పాత సంవత్సరము చివరి రాత్రి పదకొండు గంటలు దాటిన పిమ్మట తెలుగునాట ఏ క్రైస్తవ దేవాలయములో అడుగిడినను ఒక దృశ్యము కానవచ్చును. ఆరాధన ముగియు వేళకు బల్లమీద ఒక పళ్లెమునిండ చిన్న చిన్న అట్టముక్కలు సిద్ధముగా నుండును. ఒక్కొక్కదానిపై ఒక్కొక్క వాగ్దాన వచనము అచ్చువేయబడి యుండును. రాబోవు పంటకు ధర యెట్లుండునో యెరుగని కౌలురైతు, గల్ఫు దేశమునకు పోయిన కుమారుని కబురుకై కాచుకొన్న తల్లి, ఆపరేషనుకు తేది నిర్ణయమైన వృద్ధుడు, పరీక్షలకు కూర్చుండవలసిన బాలిక వరుసగా వచ్చి తలకొక అట్ట తీసికొని, దీపము క్రింద నిలిచి చదువుకొని, బైబిలు పుటలనడుమ దాచుకొందురు. వారి యెదుటనున్న పండ్రెండు మాసములును వారికి అంధకారమే. ఆ యంధకారమును ఎవని చేతిలో పెట్టి వారు ఇండ్లకు మరలుచున్నారో, ఆ దేవునియందలి నమ్మిక ఒక్కనాటిలో పుట్టినది కాదు. అది యెన్నియో రాజ్యముల పతనమును, కరవులను, ముట్టడులను దాటి వచ్చినది. ఆ చరిత్రను ఓపికతో వెంబడించినవారికి ఒక విషయము బోధపడును: ఈ నమ్మిక ఏ యుగమునందును రేపటిని తెలిసికొను విద్యగా వర్ధిల్లలేదు, రేపు ఏమగునో తెలియకయే నేడు చేయదగిన పనిని మనుష్యునిచేత చేయించిన బలముగా నిలిచినది.

కల్దీయుల ఊరను పట్టణమును విడిచి హారానులో ఆగిపోయిన కుటుంబమునుండి, డెబ్బదియైదేండ్ల వయస్సున అబ్రాహాము మరల ప్రయాణమైనపుడు, అతనికి వచ్చిన పిలుపులో చేరవలసిన దేశము పేరైనను లేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో అతని విశ్వాసమును కొనియాడిన రచయిత ప్రత్యేకించి ఎత్తిచూపినది ఈ తెలియమినే. అటుపిమ్మట అరణ్యములో మన్నా కురిసినపుడు తలకొక ఓమెరు చొప్పున ఆనాటికి చాలినంతయే కూర్చుకొనవలెనని నియమ మేర్పడెను. రేపటికని దాచినది తెల్లవారునప్పటికి పురుగుపట్టెను. విశ్రాంతిదినమునకు ముందునాడు మాత్రము రెండింతలు కూర్చుకొనుట చెల్లెను. ఇశ్రాయేలీయులు నమ్మికను అలవరచుకొన్నది వేదాంతచర్చలో గాక, ఈ కొలపాత్రతో, ప్రతి ఉదయము వంగి నేలమీద ఏరుకొనుటలో.

అయినను ఈ పరంపరలో నా మనస్సును ఎల్లప్పుడును పట్టి నిలుపునది యిర్మీయా ప్రవక్త పొలము కొనిన వృత్తాంతము. క్రీ.పూ. 587 ప్రాంతమున బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి యుండెను. పట్టణము శత్రువుల వశమగునని ప్రకటించినందుకు రాజైన సిద్కియా ప్రవక్తను చెరసాల ప్రాకారములో ఉంచెను. అట్టి వేళ అతని జ్ఞాతి హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని యడిగెను. అనాతోతు యెరూషలేమునకు ఈశాన్యమున కొద్ది మైళ్ల దూరములోని పల్లె. శత్రుసేన త్రొక్కుచున్న సీమలోని నేలను బుద్ధిగలవా డెవ్వడు వెలపెట్టి కొనును? యిర్మీయా కొనెను. పదునేడు తులముల వెండిని త్రాసులో తూచి యిచ్చెను. క్రయపత్రము వ్రాసి ముద్రవేసెను. సాక్షులచేత సంతకములు చేయించెను. ముద్రవేసిన ప్రతిని, వేయని ప్రతిని లేఖకుడైన బారూకు చేతికిచ్చి, బహుకాలము చెడకుండునట్లు మంటికుండలో నుంచుమని యాజ్ఞాపించెను. మన రిజిస్ట్రారు కచేరీలలో దస్తావేజు వ్రాయించిన వారికి ఇందులో తెలియని దేదియు లేదు: వెల, సాక్షి, ముద్ర, నకలు, అన్నియు క్రమముగానే యున్నవి. పత్రము బారూకు చేతికి పోయిన తరువాతనే ప్రవక్త ప్రార్థనకు పూనెను; ఆ ప్రార్థనలో తన కలవరమును దాచుకొనలేదు; పట్టణము చేజారిపోవుచుండగా నన్ను పొలము కొనుమంటివేల యని దేవుని యెదుటనే మొరపెట్టుకొనెను. పని ముందు, కలవరము వెనుక. విశ్వాసచరిత్ర యంతటిలో ఇంతకన్న నిజాయితీగల క్రమమును నేనెరుగను. ఆ పొలమును అతడు దున్నిన జాడ గ్రంథములో లేదు; పట్టణము కూలిన పిమ్మట శేషించిన జనులు అతనిని ఐగుప్తునకు తోడుకొనిపోయిరి, తిరిగివచ్చెనని యెచ్చటను చెప్పబడలేదు.

యేసుక్రీస్తు ఉపదేశములో ఈ నమ్మికకు తండ్రి యను పేరు వచ్చెను. పూర్వికులు రాజుగను, కాపరిగను స్మరించిన దేవుని, బిడ్డ ఆకలి నెరిగిన తండ్రిగా ఆయన పరిచయము చేసి, రేపటిని గూర్చిన చింతను ఆ తండ్రికి విడువుమని బోధించెను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు అనుదినాహారమని చెప్పిన చోట మూల గ్రీకులోనున్న పదము మిక్కిలి అరుదైనది; 3వ శతాబ్దపు ఓరిగెనే అది లోకవ్యవహారములో లేదనియు, సువార్తికులు కల్పించినదై యుండవచ్చుననియు తలచెను. ఆవశ్యకమైన ఆహారమని కొందరును, రానున్న దినపు ఆహారమని మరికొందరును దానికి అర్థము చెప్పిరి. రెండవ యర్థమే సరియైనచో, రేపటి రొట్టెను నేడే అడుగుట తప్పుగాదు. నేడే కూడబెట్టుకొని నిశ్చింతగా నుందమనుకొనుటయే తప్పు. అయినను ఈ బోధకు సారము గెత్సేమనే తోటలోనే తెలియును. అచ్చట రేపు ఏమగునో యెరిగియే ఆయన భయపడి, ప్రార్థించి, తండ్రి చిత్తమునకు లోబడెను. నమ్మిక గలవానికి వణకు రాదను మాట ఆ తోటముందు నిలువజాలదు.

క్రీ.శ. 410లో అలారిక్కు నాయకత్వమున గోతులు రోమునగరమును కొల్లగొట్టినపుడు, క్రైస్తవమతము వలననే ఈ విపత్తు వచ్చెనని పలువురు నిందింపసాగిరి. దానికి సమాధానముగా హిప్పో నగరపు అధ్యక్షుడైన అగస్టీను ఇరువదిరెండు సంపుటములుగా దేవుని నగరమను మహాగ్రంథమును రచించెను. సౌఖ్యమును, ఆపదయును సజ్జనునకును దుర్జనునకును కలిసియే వచ్చుననియు, సంఘటనలను చూచి దేవుని మనస్సును చదివితి ననుకొనుట సాహసమనియు అతడు చెప్పిన తీర్పు నేటికిని చెల్లును. లోకాంతమునకు సంవత్సరములు లెక్కకట్టువారిని అతడు మందలించెను. తేదీలు ప్రకటించు బోధకులు ఈనాటికిని పుట్టుచునే యున్నారు గనుక ఆ మందలింపును మరువరాదు. 430లో వాండలులు హిప్పోను ముట్టడించి యుండగా, పశ్చాత్తాప కీర్తనలను గోడకు అంటింపించుకొని, శయ్యమీదనుండి చదువుకొనుచు అతడు కన్నుమూసెను. నగరము ఏమగునో అతడు చూడలేదు.

నడుమనున్న శతాబ్దములను త్వరగా దాటుదును. 1563లో ప్రకటితమైన హైడెల్బర్గు ప్రశ్నోత్తరావళి వానను, అనావృష్టిని, ఆరోగ్యమును, వ్యాధిని తండ్రి హస్తమునుండియే అందుకొనవలెనని బోధించి, విధికిని దైవసంరక్షణకును భేదమును సామాన్యులకు తెలిపెను. విధి మాటలాడదు, మొర వినదు, తండ్రి వినును. మన పల్లెలలో తలవ్రాత యని నిట్టూర్చుటకును, ప్రభువు చిత్తమని తలవంచుటకును నడుమనున్న దూరము ఇదియే. హెర్న్‌హుట్ గ్రామమున మొరావియను సహోదరులు 1728 నుండి దినమునకొక వాక్యమును ఇంటింటికి అందించుచు వచ్చిరి. 1731లో అవి పుస్తకముగా అచ్చయ్యెను. వారి సంవత్సరాంతపు జాగరణము జాన్ వెస్లీ ద్వారా మెథడిస్టులకు సంక్రమించి, కాలక్రమమున మిషనరీలవెంట మనదేశమును చేరెను. మన పళ్లెములోని అట్టముక్కలకు ఇట్టి వంశవృక్షము కలదు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగనాడు, లిస్బను నగరము భూకంపమున కూలి, ఆరాధనలోనున్నవారిమీదనే దేవాలయములు విరిగిపడినపుడు, అన్నియు మేలుకే యను తేలికమాటకు ఐరోపాలో కాలము చెల్లెను. అది మంచిదే, ఆ మాట యోబు గ్రంథమునకు సరిపడునది కాదు.

ఈ నమ్మిక తెలుగుసీమను చేరిన త్రోవలలో ఒకటి విచిత్రమైనది. ఇంగ్లాండులోని ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడుగానుండిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1825లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, క్రైస్తవుడు భూమిమీద కూడబెట్టుకొనరాదని వాదించి, తానే వృత్తిని విడిచి బాగ్దాదునకు పోయెను. అచ్చట 1831లో మహామారి అతని భార్యను బలిగొనెను. అతని సోదరిని వివాహమాడిన జార్జి ముల్లరు బ్రిస్టలు నగరమున 1836లో అనాథశరణాలయమును స్థాపించి, ఏ మనుష్యుని యాచింపక, అప్పు చేయక, తన జీవితకాలమున పదివేలకు పైగా బిడ్డలను పోషించెను. ముల్లరును గూర్చి అద్భుతములనే చెప్పుకొందురు. నాకు అతని లెక్కల పుస్తకము అంతకంటె గొప్పదిగా తోచును. వచ్చిన ప్రతి కానుకకును పద్దు వ్రాసి, నివేదికను అచ్చొత్తించెడివాడు. 1841 చివర ధనము మిక్కిలి కొరవడినపుడు, నివేదికయే యాచనగా తోచునేమో యని దాని ప్రకటనను వాయిదావేసెను. ఆ 1836లోనే గ్రోవ్స్ ప్రోత్సాహమున, జీతముపై ఏ హామీయు లేకుండ, విలియం బౌడెను, జార్జి బీరు అను ఇరువురు భార్యాసమేతులై మనదేశమునకు ఓడయెక్కి, గోదావరి డెల్టాకు వచ్చి నర్సాపురమున స్థిరపడిరి. నందన కరవు గడచి అప్పటికి కొద్ది యేండ్లే. ధవళేశ్వరపు ఆనకట్టకు పునాది పడుటకు ఇంకను పదేండ్ల కాలమున్నది. తామే రేపటికి నిలకడలేనివారై, రేపటికి నిలకడలేని జనులనడుమ వారు కాపురముండిరి.

ఒంగోలు కథ మరింత ప్రసిద్ధము. అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను నెల్లూరులో 1840 నుండి పనిచేసినను, ఫలము స్వల్పమగుటచే దానిని మూసివేయుదుమా యని 1853లో ఆల్బనీ నగరమున చర్చించిరి. పటములో ఒంటరిగా నిలిచిన ఆ స్థానమునకు ఒంటరి నక్షత్రమను పేరు ఆనాడే వచ్చెను. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్టు, అతని భార్య, జూలియా, రూతు, నర్సు అను తెలుగు విశ్వాసులు, వెరసి అయిదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండనెక్కి ప్రార్థించిరి. తరువాతి వృద్ధిని చూచి వెనుకకు లెక్కగట్టి, ఆ ప్రార్థననాడే అంతయు నిశ్చయమైనట్లు వ్రాయుట సులభము. ఆ యుదయమున వారి కండ్లయెదుట నుండినవి చలి, నిద్రించుచున్న ఊరు, పై సంవత్సరము మిషను నిలుచునో నిలువదో యను సందేహము.

వారు కోరిన పనివాడు ఒంగోలునకు వచ్చుటకు 1866 వరకు పట్టెను. ఆ వచ్చిన జాన్ క్లౌ పూర్వము భూములను కొలిచిన సర్వేయరు. 1876లో ధాత నామ సంవత్సరపు కరవు విరుచుకొనిపడి మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు మడిసిపోవుచుండగా, అతడు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. పగలు పార, సాయంకాలము కూలి, ఆపైన తెలుగు బోధకుల ప్రసంగము. అన్నమునకై మతములో చేరుదురను శంకచేత అతడు ఏడాదికి పైగా బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయధనము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ సంఖ్యను మన చరిత్రకారులు పదేపదే చెప్పుదురు. ఆ నిలిపివేసిన మాసములను గూర్చి అంతగా చెప్పరు. చేతికందిన ఫలమును కోయక ఆగుటకు కావలసిన నమ్మిక, కొండనెక్కుటకు కావలసినదానికి తీసిపోదు. కరవులో ప్రార్థించినవారును చచ్చిపోయిరి. ఆ మాట మరుగుపరచిన చరిత్ర అసత్యమగును.

20వ శతాబ్దమున ఈ త్రోవ మన నడుమనే మరల కనబడెను. పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టిన భక్తసింగు ఏ సంస్థయొద్దను జీతమునకు కుదురుకొనక, 1950లో హైదరాబాదునందు హెబ్రోనును స్థాపించి, అచ్చటి పరిశుద్ధ సమావేశములలో వేలాది జనులను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. అదే శతాబ్దమున జర్మనీలో, హిట్లరును ఎదిరించిన బోధకుడు డీట్రిచ్ బాన్‌హోఫరు 1943 జనవరిలో వివాహనిశ్చయము చేసికొని, ఏప్రిలులో చెరపట్టబడెను. ఆ ఆగస్టులో టేగెలు చెరసాలనుండి తన కాబోవు భార్యకు వ్రాసిన లేఖలో, అట్టి దినములలో పెండ్లాడ తలచుటను సమర్థించుటకు అతడు ఎత్తుకొన్న ఉదాహరణము యిర్మీయా పొలమే. ఇరువదియైదు శతాబ్దముల వెనుక మంటికుండలో దాచిన పత్రము మరియొక చెరలో ఇట్లు విప్పి చదువబడెను. ఆ వివాహము జరుగలేదు. 1945 ఏప్రిలు 9న అతనిని ఉరితీసిరి.

ఇక పళ్లెములోని అట్టలకు వత్తును. వానిలో తరచుగా అచ్చగునది యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయపు 11వ వచనము. రాబోవు కాలమునందు నిరీక్షణ కలుగునను వాగ్దానము. చదువరీ, ఈ సంవత్సరాంతమున ఆ యట్ట నీ చేతికి వచ్చినయెడల దానిని దాచుకొనుటకు ముందు ఆ యధ్యాయమును మొదటినుండి చదువుము. అది బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా పంపిన జాబు. రెండేండ్లలో చెర తీరునని హనన్యా వంటివారు ఆ దినములలోనే ప్రకటించుచుండగా, డెబ్బదియేండ్లు పట్టునని ప్రవక్త నిర్మొగమాటముగా తెలిపి, ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, పెండ్లిండ్లు చేయుడని, పరదేశపు పట్టణముయొక్క క్షేమమునకై ప్రార్థింపుడని వ్రాసెను. ఆ జాబును మొదట విన్న పెద్దలలో పెక్కురు తాము నాటిన తోటల ఫలములు తిని, బబులోనులోనే కన్నుమూసిరి. యెరూషలేమునకు తిరిగి నడచినవారు వారి మనుమలు.