కదలెడి యింటి నేల



ఇల్లనగానే మన మనస్సునకు తోచునది కదలనిది. పునాది త్రవ్వి, రాయి పరచి, గోడ లేపి, దూలమెత్తి కట్టిన దానిని మనము ఇల్లనుచున్నాము. కదలునది బండి. ఈ రెండింటిని ఒక్కటిగా చేయవలెనని పాశ్చాత్య దేశముల వారు గడచిన నూట నలువది యేండ్లలో చేసిన యత్నమును గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిని. యంత్రబలముతో తనంతట తాను నడచు ఇట్టి యింటిని వారు మోటారు హోము అందురు. శ్రీమంతుల కొరకు కట్టెడి వానిలో ఇరువది లక్షల డాలర్ల వెల పలుకునవియు కలవు. వాని వేగమును గాని, వైభవమును గాని వర్ణించుట నా ఉద్దేశము కాదు. వాని నేలను గూర్చియు, గోడల లోపలి పనితనమును గూర్చియు చెప్పెదను. ఈ యిండ్ల మంచిచెడ్డలు నేలలోనే తెలియునని వీని చరిత్ర చదివినకొలది నాకు తోచినది.

మీలో బండి కట్టించిన పెద్దలు పెక్కుమంది యుందురు. పచ్చికర్రతో చేసిన బండి యెన్నాళ్లు నిలుచునో, ఎండిన కర్రతో చేసినది యెన్నాళ్లు నిలుచునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇల్లు బరువును మోయును. బండి బరువుతోపాటు కుదుపును మోయును. బండి బాటపై పోవునపుడు ఒక చక్రము గుంటలో దిగును, వేరొక చక్రము గట్టుపై నెక్కును. అపుడు బండి యంతయు తడిబట్ట పిండినట్లు మెలిదిరుగును. బండిలో ఇల్లు కట్టువాడు ఈ మెలికను మరచినచో అతని గోడలు బీటలువారును, తలుపులు పట్టుతప్పును, నేల కిఱ్ఱుమనును. గృహనిర్మాణము, శకటనిర్మాణము అను రెండు విద్యలును అతనికి కావలెను.

వినోదయాత్రకై బండిలో ఇల్లు కట్టించుకొన్న వారిలో మొదటగా పేరు వడసినవాడు డాక్టరు గోర్డన్ స్టేబుల్సు. ఈయన స్కాట్లండువాడు, బ్రిటిషు నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలురకై సాహసగాథలు వ్రాసి ప్రసిద్ధి కెక్కెను. దేశదిమ్మరులైన జిప్సీలు తమ బండ్లలో కాపురముండుట చూచి, అట్టిదే తనకును కావలెనని తలచి, 1885లో బ్రిస్టలు పట్టణమందలి రైలుబండ్లు కట్టు కర్మాగారమున ఒక బండిని చేయించెను. దానికి వాండరరు, అనగా సంచారి, అని పేరిడెను. ఇంచుమించు రెండు టన్నుల బరువుగల ఆ బండిని రెండు గుఱ్ఱములు లాగెడివి. మహాగని, మేపులు అను మేలుజాతి కర్రలతో దానిని చేసిరి. లోపల సోఫా, పుస్తకముల బీరువా, వెనుక చిన్న వంటగది అమరియుండెను. ఆ వేసవిలో ఆయన ఇంగ్లండు దక్షిణ భాగమందలి ట్వైఫర్డు నుండి స్కాట్లండు ఉత్తర భాగమందలి ఇన్వర్నెస్సు వరకు 1,300 మైళ్లు ప్రయాణము చేసి, ఆ వృత్తాంతమును 1886లో గ్రంథముగా ప్రకటించెను.

నేను ఈ సంగతిని చెప్పుటకు కారణము ఆ యాత్ర కాదు. ఆ బండి నేటికిని చెక్కుచెదరక ఇంగ్లండులో భద్రముగా నుండుటయే. నాటి గతుకుల బాటలపై 1,300 మైళ్లు తిరిగిన చెక్క యిల్లు నూట నలువది యేండ్లు నిలిచినదన్నచో ఆ ఘనత మెఱుగుది కాదు. రైలుపెట్టెలు కట్టి కట్టి చేయితిరిగిన వడ్రంగులు, కుదుపు నెరిగినవారు, కర్రను చక్కగా కూర్చినవారు దానిని చేసిరి.

పిమ్మట మోటారు యుగము వచ్చెను. 1910లో న్యూయార్కు నగర ప్రదర్శనమున పియర్సు-యారో అను సంస్థవారు ఒక మోటారును ప్రదర్శించిరి. దాని వెనుక పీటను వాల్చినచో పరుపగును. సారథి పీట వెనుక నుండి ముఖము కడుగుకొను తొట్టి దిగును. అది ఇల్లనుటకు చాలదుగాని, ఇంటి సౌఖ్యము మోటారునకు ఎక్కుట కది తొలిమెట్టు.

ఇక్కడ కెనడా దేశపు వడ్రంగి యొకని కథ చెప్పవలసియున్నది. క్విబెకు రాష్ట్రమున సెయింట్ క్లేరు అను గ్రామమందు యూజీన్ ప్రెవో అను కొయ్యపనివాడు ఉండెను. చర్చీలకు బల్లలు, బడులకు సామానులు చేయుట ఆయన వృత్తి. 1924లో ఆయనకు ఒక క్రొత్త పని వచ్చెను. అది ఒక లారీ చట్రముపై ప్రయాణికుల బస్సునకు వలసిన పైకట్టడము చేయుట. బల్లలు చేసిన చేతితోనే దానిని చెక్కతో చేసి యిచ్చెను. అటనుండి పెరిగిన ఆ సంస్థ నేడు ఉత్తర అమెరికాలో పెద్ద బస్సులు చేయు సంస్థలలో నొకటి. అత్యంత ధనికులు కట్టించుకొను మోటారు హోములలో పెక్కు ఆ ప్రెవో బస్సుల దేహములందే అమర్పబడుచున్నవి. దినమంతయు, వత్సరముల తరబడి జనమును మోయుటకై చేసిన ఉక్కు చట్రము గనుక అది మెలికకు సులభముగా లొంగదు. ధనికుడు కొనునది పైని పట్టుపరుపు అని లోకులు తలతురు. అతడు నిజముగా కొనునది క్రింది చట్రము.

నేల కథ ఇపుడు వినుడు. 1930 తరువాతి సంవత్సరములలో వాలీ బయము అను అమెరికను, ఎయిర్‌స్ట్రీము అను పేరుతో, మోటారు వెనుక తగిలించి లాగు ఇండ్లను చేయనారంభించెను. 1936లో ఆయన చేసిన క్లిప్పరు అను ఇల్లు విమానమువలె అల్యూమినియపు రేకులను మేకులతో కూర్చినది. దాని వెల 1,200 డాలర్లు. వెండివలె మెఱయు ఆ రేకు తుప్పు పట్టదు. అట్టి యిండ్లు నేటికిని వేలకొలది నిలిచియున్నవి. కాని ప్రాతవానిని కొని బాగుచేయువారు మొదట చూచునది ఆ మెఱుపును కాదు, నేలను. ఉక్కు చట్రముపై ప్లైవుడ్డు, అనగా పలుచని చెక్కపొరలను ఒకదానిపై నొకటి అడ్డదిడ్డముగా జిగురుతో నంటించిన బల్లను, నేలగా పరచిరి. రేకుల అతుకులలో నుండి వాననీరు చుక్క చుక్కగా దిగి, గోడలోపలి నుండి జారి, బల్ల అంచును చేరును. పైకి ఏమియు కానరాదు. ఏండ్లు గడచిన పిమ్మట ఒకనాడు కాలు పెట్టినచోట నేల మెత్తగా దిగును. గోడ నిలిచి నేల క్రుళ్లుట ఈ యిండ్లకు వచ్చెడి ముఖ్యవ్యాధి.

నేల యెంత యెత్తున నుండవలెననునదియు ఒక సమస్యయే. వెనుక చక్రములు త్రిప్పు మోటారులో యంత్రము నుండి వెనుకకు పోవు పొడవాటి కడ్డీ నేలక్రింద నుండును. దానివలన నేల ఎత్తగును, ఇల్లు తూగును. 1973 మొదలు 1978 వరకు జనరల్ మోటార్సు సంస్థ చేసిన మోటారు హోములో యంత్రము ముందు చక్రములనే త్రిప్పెడిది. కడ్డీ లేకపోవుటచే నేలను క్రిందికి దింపిరి. ముసలివారు సులభముగా నెక్కగలిగిరి; బండి మలుపులలో నిలకడగా నుండెను. అవి చేయుట మానినను, వానిని నేటికిని ఆదరముతో నడుపుకొనువారు కలరు.

1990లో న్యూమారు అను సంస్థ వేరొక విచిత్రమును మోటారు హోములోనికి తెచ్చెను. బండి ఆగిన పిమ్మట, గోడలో కొంతభాగము సొరుగువలె వెలుపలికి జరిగి, గది వెడల్పగును. సుఖము పెరిగెను, కాని ఒక నేలపై వేరొక నేల జారవలసివచ్చెను. జారు నేలక్రింది చిన్న చక్రములు మొదటి నేలను గీరును. జరుగు గోడకు చుట్టునున్న రబ్బరు పాతబడినచో నీరు చొచ్చును. ఇంటికి ఒక్క వాకిలి చేర్చినచో ఒక్క చూరు చేర్చవలెనని మన పెద్దలకు తెలియును. అదియే న్యాయము ఇక్కడను.

ఇపుడు వైభవగృహములలో పింగాణి పలకల నేల వాడుక. క్రింద విద్యుత్తీగలు పరచి చలికాలమున నేలను వెచ్చజేయుదురు. పలక పగులునా అని మీరడుగుదురు. మెత్తని చట్రముపై పరచినచో తప్పక పగులును. అందుచే మొదట చట్రమును గట్టిపరచి, పలకకును బల్లకును నడుమ కొంచెము సాగెడి పొరను వేసి, సందులలో వంగెడి సున్నము నింపుదురు. పదేసి మిల్లీమీటర్ల మందముగల పలక చదరపు మీటరునకు ఇరువది కిలోలకు పైబడి తూగును. ప్రతి మోటారునకు ఇంత బరువే మోయవలెనను హద్దు కలదు. నేలకై పెట్టిన బరువు, నీటిలోనుండియో, సామానులోనుండియో తగ్గవలెను. తగ్గింపనివాని చక్రపు టైర్లు ఎండలో పగులును. కావుననే తెలిసిన పనివారు చాలచోట్ల పలకను పోలిన పలుచని వినైలు పరచి, బరువు మిగిల్చెదరు. అది హీనము కాదు. బండిధర్మమెరిగిన పని.

ఇంతవరకు చెప్పినది ధననష్టము. ఇక ప్రాణములకు సంబంధించిన సంగతి చెప్పెదను. 2005 ఆగస్టులో కత్రీనా అను తుపాను అమెరికా దక్షిణ తీరమును ముంచెను. ఇండ్లు కోల్పోయినవారికి ప్రభుత్వము లక్షకు పైగా లాగుడు ఇండ్లను, తరలింప వీలగు ఇండ్లను ఇచ్చెను. అందు చేరినవారిలో పెక్కురకు కండ్లు మండెను, ముక్కు కారెను, దగ్గు పట్టెను. పిల్లలు ఊపిరికి బాధపడిరి. కారణము గోడలలోను, అలమరలలోను, నేలలోను ఉండెను. రంపపుపొట్టును, చెక్కపేళ్లను జిగురుతో అచ్చుపోసిన చౌకబల్లలను వానిలో వాడిరి. ఆ జిగురు నుండి ఫార్మాల్డిహైడు అను వాయువు వెలువడుచుండును. అది క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనాలయము 2004లోనే నిర్ధారించెను. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలలలో ప్రభుత్వ వైద్యశాస్త్రజ్ఞులు 519 ఇండ్లలో గాలిని పరీక్షింపగా, వంద కోట్ల పాళ్ల గాలికి సగటున 77 పాళ్ల ఆ వాయువు కనబడెను; మిక్కిలి చెడ్డ ఇంట అది 590 పాళ్లు. చిన్నగది, మూసిన కిటికీ, వేసవి యెండ అన్నియు చేరి విషమును పెంచెను.

బాధితులు న్యాయస్థానమున కెక్కిరి. 2012లో తయారీదారులును, కంట్రాక్టరులును కలిసి నాలుగు కోట్ల ఇరువది యారు లక్షల డాలర్లు చెల్లించు ఒడంబడిక జరిగెను. అంతకుమున్నే, 2010లో, అచ్చుబల్లల నుండి వెలువడు ఆ వాయువునకు హద్దు విధించుచు అమెరికా శాసనసభ చట్టమును చేసెను. ఇల్లు పోయినవారికి నీడయిచ్చిన గోడలే వారి ఊపిరిని తినివేసినపుడుగాని ఆ చట్టము పుట్టలేదు. నా దృష్టిలో కదలెడి యిండ్ల చరిత్రయందు దీనిని మించిన పాఠము లేదు. ధనికుని బండిలో నేల చెడినచో అతడు వేరొకటి కొనును. నిలువనీడ లేనివాని యింట గోడ చెడినచో అతడెక్కడికి పోవును?

మన పల్లెలనుండి అమెరికా వెళ్లి స్థిరపడిన బిడ్డలు కొందరు సెలవులలో ఇట్టి బండ్లను బాడుగకు తీసికొనుటయు, కొందరు కొనుటయు కలదు. వారు ఫోనులో చిత్రమును చూపినపుడు మీరు అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. తలుపు వద్ద, కిటికీల క్రింద, మూలలందు కాలు నొక్కి నడచిరా? నీటితొట్టి క్రిందనున్న అలమరను తెరచి చెయిపెట్టి తడి చూచిరా? ఎండలో మూసియుంచిన బండి తలుపు తెరచినవెంటనే ముక్కునకు ఘాటు తగిలెనా? సొరుగును వెలుపలికి లాగి, వెనుకవైపు మంచి కర్రయా, అచ్చుబల్లయా అని చూచిరా? బండిపై వ్రాసిన బరువు హద్దెంత, నేడు తూగుచున్నదెంత? ఈ ప్రశ్నలకు ఇంగ్లీషు చదువక్కరలేదు. పశువును కొనునపుడు దంతము చూచువాని నేర్పు చాలును.

స్టేబుల్సుగారి బండి నిలిచినది; చౌకబల్లల ఇండ్లలో చేరినవారు రోగముల పాలైరి. ఈ రెండింటి నడుమ భేదము ధనముననే కాదు, కంటికి కనబడనిచోట పనివాడు చూపిన మనస్సాక్షిలో కలదు. నేలక్రింద ఏమున్నదో యజమానుడు చూడడు, అతిథి చూడడు. పనివాడొక్కడే యెరుగును. అతనికి తగిన కూలి, తగిన కాలము ఇచ్చి పని చేయించుకొను సమాజమున ఇల్లు నిలిచినను కదలినను అందలి మనుష్యులు సుఖముగా నుందురు.